పెర్త్‌కూ జోహన్నెస్‌బర్గ్‌కూ మధ్య

కుళ్ళు అంటరు, ఓర్వలేనితనం అంటరు, కండ్లల్ల నిప్పులు పోసుకున్నదంటరు. ఏ పేరన్నా పెట్టుకోండి, ఆ సాయంత్రం తార్నాకల చాయ్ తాగుతుంటే నా కడుపుల మండింది మాత్రం అదే.

మేం ముగ్గురం యూనివర్సిటీల జియాలజీ పీహెచ్‌డీ చేసినం. నేను ఈ హైదరాబాద్‌లనే, వారాసిగూడ పిల్లను. ఒకామెది కర్నూలు, క్యాంపస్ హాస్టల్‌ల ఉండేది. ఇంకొకామెది అంబర్‌పేట్. ఏండ్లకేండ్లు ఒకే డబ్బాల తిన్నం, ఒకే జీపుల ఫీల్డుకు పోయినం. రాళ్ళు మోసేది వాళ్ళు, టికెట్లు చూసేది నేను. ఏ రైలెక్కాలె, ఏడ దిగాలె, ఏ బస్సు పట్టుకుంటే పొద్దుగూకకముందు చేరుతం, అంతా నా మీదనే.

చదువు అయిపోయేటాళ్ళకు ముగ్గురం బయటి దేశాలల్ల ఉద్యోగాలకు అప్లై చేసినం. కర్నూలు పిల్లకు ఆస్ట్రేలియాల, పెర్త్‌ల వచ్చింది. అంబర్‌పేట్ పిల్లకు దక్షిణాఫ్రికాల, జోహన్నెస్‌బర్గ్‌ల. నాకు రాలె. స్వీట్లు నేనే కొన్న, నవ్వుకుంట ఇద్దరికీ తినిపించిన. లోపల మాత్రం, వీళ్ళకన్న నా థీసిస్ ఏం తక్కువ అని ఒకటే పోరు.

ఆ రోజు డిపార్ట్‌మెంట్ నుంచి నడుచుకుంట చాయ్‌కి పోయినం. కూర్చున్నమో లేదో, కర్నూలు పిల్ల నా భుజం మీద చెయ్యేసింది. "మే, పెర్త్ నుంచి జోహన్నెస్‌బర్గ్‌కు ఎంత దూరమో చూడుమే. సెలవులిస్తే దీని కాడికి పోవల్ల."

ఎప్పటిలెక్కనే ఫోన్ తీసిన. ఎనిమిది వేల కిలోమీటర్లు దాటుతది. నేరుగ పోయే విమానం ఉన్నది, సముద్రం మీదికెల్లి పదకొండు గంటలు. మళ్ళ వచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తది, ఇంకా తొందరగ చేరుస్తది. అంతా చదివి వినిపించిన.

"గంతేనా? ఎక్కి పడుకుంటే అయిపాయె!" అని అంబర్‌పేట్ పిల్ల చప్పట్లు కొట్టింది. ఎవరు ముందు రావాలె, ఏమేం చూడాలె అని ఇద్దరు అప్పుడే మొదలుపెట్టిన్రు.

గాలి కూడ వాళ్ళ దిక్కే ఉన్నది చూడు అనుకున్న.

నోరు మూసుకోని ఉండొచ్చు. ఉండలేదు. ఎవ్వరు అడగకున్నా ఇంకో దారి వెతికిన. "హైదరాబాద్ మీదికెల్లి కూడ పోవచ్చు," అన్న. "రెండు చోట్ల మారాలె. ఒక రోజు దాటుతది, గంతే."

కర్నూలు పిల్ల పగలబడి నవ్వింది. "పిచ్చా నీకు? నేరుగా ఉండంగా అంత చుట్టు తిరుక్కోని ఈడికెవరొస్తారుమే? ఏముందని?"

"నేనున్న గదనే గీడ!"

గట్టిగనే అరిచిన. పక్క బల్ల కాడి కోచింగ్ పిల్లలు తిరిగి చూసిన్రు. అంబర్‌పేట్ పిల్ల గ్లాసు కింద పెట్టి నేల చూసింది. కర్నూలు పిల్ల నవ్వు ఆగింది.

"అయ్యో, అవును కదా," అన్నది, అప్పుడే యాదికొచ్చినట్టు.

అంతకన్న నాలుగు తిట్టినా బాగుండు.