కనపడని విమానం, నల్లిబొక్క

మా సడ్డకుడు, అంటే నా భార్య చెల్లెలి భర్త, రాడార్‌కు దొరకని యుద్ధవిమానం తయారీలో ఇంజనీరు. ఏం చెప్పినా చేతికందిన వస్తువును వంచి చూపిస్తాడు. ఆదిలాబాద్‌లో నేను నడిపే, పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ యంత్రాలు సీజనంతా తిరుగుతాయి. అతని విమానం ఇంకా నేల విడవనే లేదు. అయినా పెద్దపల్లిలో మా మామకు అల్లుడంటే అతనే.

ఆ ఇంట్లో పండుగ మటన్‌లో మూలుగు నిండిన నల్లిబొక్క పెద్దల్లుడిది, అంటే నాది. పోయిన దసరాకు మామ దాన్ని అతని పళ్లెంలో వేశాడు. నేను ఉత్త అన్నం కెలుకుతూ కూర్చున్నాను.

"గా విమానం రాడార్‌ల ఎందుకు కానరాదు అల్లుడా?" అన్నాడు మామ మురిసిపోతూ.

అతను ఎడమచేత్తో కూరగిన్నె మూతను ఎండకు పట్టాడు. "గిట్ల వంచితే వెలుగు మీ కండ్లల్ల పడదు మామా, పక్కకు పోతది. రాడార్ అలలు సుత గంతే. అందుకే విమానం అంచులు వంచుతం. బాంబులు బయట వేలాడయి, కడుపుల దాస్తం."

అందరూ గోడ మీద కదిలే వెలుగునే చూస్తున్నారు. నేను మాత్రం చూడలేక తల దించుకున్నాను.

నల్లిబొక్క నా పళ్లెంలో ఉంది.

మా సడ్డకుడు ఎప్పుడు వేశాడో నాకూ కనపడలేదు. ఇక అతన్ని మనసారా తిట్టుకునే వీలు కూడా లేదు. కసిదీరా ఆ బొక్కనే జుర్రాను.