దోన్ ఎలీహియో దగ్గు

మోకా ఊళ్లో దోన్ ఎలీహియోని వెతకనక్కర్లేదు; దగ్గు వినిపించే వైపు నడిస్తే చాలు. తంతి కార్యాలయంలో పెద్ద ఉద్యోగం చేశానని, డామినో ఆటలో తనంతటివాడు లేడని, పరిచయమైన నిమిషంలోనే దగ్గుల మధ్య చెప్పేస్తాడు.

రక్తపోటుకు మాత్ర మొదలెట్టాక పట్టుకుంది ఈ పొడిదగ్గు. అల్లం, తేనె, ఉల్లిరసం, ఏవీ దాన్ని కదల్చలేకపోయాయి. చర్చిలో పాదిరీ ప్రసంగానికి కామాలు, ఫుల్‌స్టాపులు ఆయన దగ్గే పెట్టేది.

గొడవ డామినో బల్ల దగ్గర వచ్చింది. జంటలుగా ఆడే ఆట. జతగాడికి కనుసైగ చేసినా తప్పే. ఎలీహియో దగ్గాడు, జతగాడు జోడు ఆరు పలక వేశాడు. ఎదుటి జట్టు నికనోర్ బల్ల గుద్దాడు.

“అది దగ్గా, తంతి సందేశమా?”

“ఒరేయ్, గెలవడానికి నేను దగ్గాలట్రా? ఎదురుగా నువ్వు కూర్చుంటే చాలదూ!”

“పండగ పోటీలోగా ఆ దగ్గు మానకపోతే నీ కుర్చీలో ఇంకొకడుంటాడు!”

కుర్చీ పోతే ఎలీహియోకి ప్రాణం పోయినట్టే. మాత్ర మానేస్తానని ఆరోగ్యకేంద్రానికి వెళ్లాడు. డాక్టరమ్మ కోప్పడింది.

“మాత్ర మానితే దగ్గుకంటే ముందు మీరు పోతారు తాతగారూ! ఈ రకం మాత్ర కొందరికి ఇలా దగ్గు తెప్పిస్తుంది. వేరేది రాస్తాను. దగ్గు పోవడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, తొందరపడకండి.”

పండగలోపే పోయింది. ఎలీహియో పిల్లిలా కూర్చుని ఆడాడు, గెలిచాడు. “మూగనోము పట్టి కూడా గెలిచానోయ్!” అని ఊరంతా చాటాడు.

మర్నాడు పొద్దున్నే రొట్టెకి బయల్దేరిన నికనోర్ చెవిన పాత దగ్గు పడింది. దొంగ దొరికాడనుకుని గోడవార నక్కాడు. చూపులేని ముసలమ్మ దోన్యా ఎర్మీనియా కిటికీ కింద నిలబడి, ఎలీహియో నాటకాల రాజులా గుండె పట్టుకుని దగ్గుతున్నాడు.

“వచ్చావా, ముసలి మేకా!” లోపల్నుంచి కేక. “మాత్ర మింగావా?”

“మింగాను. నీదో?”

“ఇదిగో, మింగుతున్నా. నీ దగ్గు వింటేనేగా నాకు గుర్తొచ్చేది!”

ఎలీహియో మీసం దువ్వుకుంటూ వెళ్లిపోయాడు. నికనోర్ కదలబోయాడు.

“ఆ గోడవార నక్కింది నికనోరేనా?” అంది ఎర్మీనియా. “అది దొంగదగ్గని నాకు తెలుసు తమ్ముడూ, ఎప్పుడో రాగం మారింది. నోరు మెదపకు. నా తిట్లు పడకపోతే ఆ మనిషికి తెల్లవారదు.”

సాయంత్రం ఎలీహియో బల్ల దగ్గర కూర్చుని పలకలు కలపబోతుంటే, నికనోర్ ఆయన చెయ్యి ఆపాడు.

“ముందు కాస్త దగ్గవయ్యా.”

“ఎందుకూ?”

“సాధన చెయ్యి. పొద్దున మరీ నాసిగా ఉంది.”