ఉప్పు డబ్బా పక్కన హైడ్రో డబ్బా

విమానంలో పంపే ప్రమాదకరమైన సరుకును తీసుకోవచ్చో లేదో తేల్చడం నా ఉద్యోగం. ఈ మాట చెబితే జనం నన్నేదో పోలీసమ్మలా చూస్తారు గాని, నా చేతిలో ఉండేది ఒక పెన్నూ, యాభై పైచిలుకు ప్రశ్నలున్న చెక్‌లిస్టూ అంతే. అందులో ఒక్కదానికి ‘కాదు’ అని టిక్కు పడిందంటే పెట్టె మొత్తం వెనక్కే. లేబుల్ సగం టేపు కింద పడిందా, సరుకు వివరాల డిక్లరేషన్ కాగితం అంచున ఎర్ర చారలు లేవా, దిద్దుబాటు పక్కన పంపేవాళ్ళ సంతకం లేదా, ఏదైనా సరే, నేను ఒప్పుకోను. కోపం ముక్కుమీదుండే మనిషికి ఇంతకంటే మంచి ఉద్యోగం దొరకదని మా ఆయన అంటుంటాడు.

అంతకుముందు అదే ఎయిర్‌పోర్టు కార్గో షెడ్డులో బిల్లింగ్ చూసేదాన్ని. ఈ పనికి రావాలంటే ట్రైనింగ్ తీసుకుని పరీక్ష పాసవ్వాలి, రెండేళ్ళకోసారి మళ్ళీ కూర్చోవాలి. మొదటిసారి బెజవాడలో ఒక హోటల్ మేడమీద వారం రోజులు క్లాసులు జరిగాయి. చెప్పిన పెద్దాయన మూడోరోజున ఒక లేబుల్ చూపించారు. పైసగం తెలుపు, కిందిసగం ఎరుపు. తమంతట తామే అంటుకునే సరుకులకు అది గుర్తు. కింద ఉదాహరణల్లో మొదటిది చూసి నేను పకాలున నవ్వాను.

“ఏమ్మా, అంత నవ్వేంటి?” అన్నారాయన.

“అది మా హైడ్రో సార్. మా వంటింట్లో ఉప్పు డబ్బా పక్కనే ఉండేదండీ.”

“దీనికి అగ్గిపుల్లతో పన్లేదమ్మా. కాస్త చెమ్మ తగిలితే లోపల్లోపల వేడెక్కి అంటుకుంటుంది. మీ ఇలవేల్పు ఎవరోగాని గట్టివాడే!”

క్లాసంతా గొల్లున నవ్వింది. నేను ఆ ముక్క నోట్సులో రాసుకుని, పరీక్షలో కూడా రాసి, పాసైపోయాను. దాని గురించి మళ్ళీ ఆలోచించలేదు.

మాది పామర్రు దాటాక వచ్చే నేతగాళ్ళ ఊరు. నాన్న నూలుకు రంగులద్దుతాడు. ఆయన వాడే నీలం వట్టి నీళ్ళలో కరగదు, హైడ్రో పొడి వెయ్యాలి. వేశాక నూలు చిలప, అంటే చుట్టిన నూలుకట్ట, ముంచి తీస్తే ముందు పసుపుపచ్చగా వస్తుంది, గాలి తగిలేకొద్దీ మన కళ్ళెదుటే నీలమైపోతుంది. చిన్నప్పుడు అది చూడ్డానికి బడి ఎగ్గొట్టిన రోజులున్నాయి. హైడ్రో డబ్బా మూత తీస్తే కాల్చిన అగ్గిపుల్లలాంటి ఘాటు. ఆ వాసన నిద్రలో కూడా పసిగడతాను.

అసలా డబ్బా వంటింట్లోకి రావడానికీ ఒక కథ ఉంది. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు, ముసురు పట్టిన ఒక సాయంత్రం, రంగులు పెట్టుకునే వరండా గదిలో మంటలు లేచాయి. మనుషులకేం కాలేదు గాని, మంచి పడుగొకటి కాలి బూడిదైంది. ఆ గది గూట్లో సాయంత్రంపూట అమ్మ దీపం పెట్టేది. “దీపం అప్పటికే కొండెక్కిందండీ, నేను చూశాను” అని అమ్మ ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. మిగిలిన రంగుల సామానంతా భద్రంగా ఉంటుందని నాన్న వంటింట్లోకి చేర్చాడు, పొయ్యికి రెండు మూరల దూరంలో!

అప్పట్నుంచీ అమ్మ దీపం మా ఇంటి వేళాకోళమైపోయింది. కరెంటు పోతే చాలు, “మీ అమ్మను దీపం పెట్టమనండ్రా, ఊరంతా వెలుగొస్తుంది” అనేవాడు నాన్న. నేనూ అన్నాను, ఎన్నోసార్లు. అమ్మ కూడా మాతోపాటు నవ్వేది. ఆ గూట్లో మాత్రం మళ్ళీ దీపం పెట్టలేదు. ఊరెళ్ళాలంటే గుమ్మం దాటి, వెనక్కెళ్ళి పొయ్యి చూసొచ్చి, మళ్ళీ దాటి, మళ్ళీ వెళ్ళేది. ఆవిడ చాదస్తం అనుకునేవాళ్ళం.

ట్రైనింగయ్యాక ఒక నెల సూపర్‌వైజరు పక్కన నిలబడి చూస్తుండగా పని చెయ్యాలి. ఆ తర్వాతే సొంత సంతకం చెల్లుతుంది. ఆఖరి వారంలో ఒక మధ్యాహ్నం, కౌంటర్ ముందుకు నాన్నే వచ్చాడు. ఇస్త్రీ పంచె, నెత్తిన పెట్టె. పెట్టె నాలుగు మూలలా పసుపు, కుంకుమ బొట్లు.

ఢిల్లీలో చేనేత ప్రదర్శన. నీలం అద్దకం చేసి చూపించమని నాన్నకు పిలుపొచ్చింది. నలభై ఏళ్ళ పనిలో మొట్టమొదటి పిలుపు. ఆ ఉత్తరానికి లామినేషన్ చేయించి వీధిలో అందరికీ చూపించాడు. సామాను మా అమ్మాయే విమానం ఎక్కిస్తుందని కూడా చెప్పుకున్నాడు.

కాగితంలో ‘నూలు, రంగులు’ అని ఉంది. పెట్టె దగ్గరికి వంగానో లేదో, ఘాటు తగిలింది.

“నాన్నా, ఇందులో హైడ్రో ఉందా?”

“లేకుండా నీలం ఎట్టా వస్తదే?”

“మరి కాగితంలో రాయలేదేం?”

“రంగులని రాశాగా! పప్పు అని రాసినోడు పోపని విడిగా రాస్తాడా?”

“ఇది వెళ్ళదు.”

నాన్న మొహం ఎర్రబడింది. సూపర్‌వైజరు వైపు తిరిగి, “చూశారాండీ, ఈ డబ్బా మీద సంపాదించే దీన్ని చదివించాను” అన్నాడు. నాకూ తిక్కరేగింది. ఆ విమానంలో మనుషులుంటారని గట్టిగా అరిచాను. షెడ్డులో హమాలీలు పని ఆపి మావైపు చూశారు.

“నలభై ఏళ్ళనుంచీ వాడుతున్నా. ఒక్కసారన్నా అంటుకుందా?”

“అంటుకోవడానికి అగ్గిపుల్లే అక్కర్లేదు నాన్నా. చెమ్మ చాలు. నాలుగు వానచుక్కలు పడితే లోపల్లోపల కాగి, కాసేపటికి భగ్గుమంటుంది.”

నాన్న పెట్టె వైపు తిరిగాడు.

“వానచుక్కలా?” అన్నాడు. ఆపైన మెల్లిగా, “ఆ వరండా గదిలో పెంకు కారేది కదే. డబ్బా దాని కిందే ఉండేది.”

నాకు అప్పుడు వెలిగింది. పరీక్షలో రాసి మార్కులు కొట్టేసినదాన్ని, మా ఇంటి సంగతి నాకే తట్టలేదు. సిగ్గేసింది. నాన్న పెట్టె తాడు తనే విప్పి, డబ్బా తీసి పక్కన పెట్టాడు.

రంగుపొడితో ప్రమాదం లేదని కంపెనీ వాళ్ళిచ్చిన కాగితం చూసుకుని, కొత్త కాగితాలు రాయించి, మిగతా పెట్టె తీసుకున్నాను. “పెట్టె తీసుకున్నాక హైడ్రో సంగతి బయటపడుంటే మీ నాన్నగారి మీద రిపోర్టు రాయాల్సొచ్చేదమ్మా” అని నవ్వారు సూపర్‌వైజరు. వారం తర్వాత నా సంతకానికి ఒప్పుకున్నారు. హైడ్రో ఢిల్లీ రంగుల కొట్లోనే దొరికింది. నీలం భేషుగ్గా వచ్చిందట.

కాని నాకు గుర్తుండిపోయింది అది కాదు. నాన్న వచ్చి వెళ్ళిన సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది.

“మీ నాన్న కంచం ముందు కూర్చుని, ‘ఆ రోజు నీ దీపం కాదే, నా డబ్బానే’ అన్నారే.”

“నువ్వేమన్నావమ్మా? అప్పుడే చెప్పానుగా అని దులిపేశావా?”

“చెప్పడం చెప్పాగాని, ఇన్నాళ్ళూ నేను కూడా నా దీపమే అనుకున్నానే” అంది.

నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళ వేళాకోళాలన్నింటికీ కలిపి క్షమించమని అడిగాను. “పోవే, నీ మొహం” అని ఫోన్ పెట్టేసింది.

తర్వాత ఊరెళ్ళినప్పుడు చూద్దును కదా, వరండా గూట్లో దీపం వెలుగుతోంది. మర్నాడు పొద్దున అమ్మా నాన్నా నేనూ ఒక పెళ్ళికి బయల్దేరాం. అమ్మ గుమ్మం దాటి, చెప్పులేసుకుని, వెనక్కి చూడకుండా వీధిలోకి నడిచింది. నేను ఆశ్చర్యపోయి చూస్తూ నిలబడ్డాను.

“ఒక్క నిమిషం ఆగండే” అంటూ ఈసారి వెనక్కెళ్ళింది నాన్న. హైడ్రో డబ్బా మూత బిగించాడో లేదో చూసి రావడానికి.