ఎగుమతి మాత్ర, ఇంటి మాత్ర

రాయ్‌పూర్‌లో ఓ మందుల కంపెనీలో, విదేశాల్లో అమ్మకానికి అనుమతుల ఫైళ్లు కట్టడం నా ఉద్యోగం. మా మూర్ఛ మాత్రలు ఆఫ్రికాకు వెళ్లేవి. మొదట్లో ఒక్కో దేశానికి ఒక్కో ఫైలు, ఒక్కో పేచీ. ప్రాణం విసిగిపోయేది. తర్వాత ఆ ఇరుగుపొరుగు దేశాలన్నీ కూర్చుని ఒక్క మాట మీదికి వచ్చాయి. అందరికీ ఒకే ఫైలు, ఒకే నియమం: వేడిలో, తేమలో నెలల తరబడి ఉంచినా మాత్ర నీళ్లలో కరగాలి.

మా చవక ప్లాస్టిక్ స్ట్రిప్పులో ఉంచితే కరగలేదు. తేమ పీల్చి బిగుసుకుపోయింది. రెండు వైపులా అల్యూమినియం రేకు వేస్తే నెగ్గింది. మరి ఇక్కడ అమ్మేవాటికో అని యజమానిని అడిగాను. "అరే, యహాఁ సబ్ చల్తా హై" అన్నాడు. ఇక్కడ ఏదైనా నడిచిపోతుందట! అన్ని దేశాలు ఒక్కటైనా మా ఒక్క ఫ్యాక్టరీలో రెండు నియమాలు. నేను ఆ ప్లాస్టిక్ స్ట్రిప్పు ఓడిన పరీక్ష కాగితం సొరుగులో పడేశాను.

దేవేంద్ర నగర్‌లో మా ఇంట్లోనే ఉండే చెల్లెలికి మూర్ఛ. మూడేళ్లుగా రాలేదు. ఆ ధైర్యంతోనే శంకర్ నగర్‌లో ఓ స్కూల్లో టీచరుగా చేరింది. "మా కంపెనీవే" అని గొప్పలు పోతూ మాత్రలు కొని తెచ్చేవాణ్ణి నేనే. ఆ ఏడు వానలకు ముందే, పప్పులు నిల్వ చేసినట్టు, నాలుగు నెలలకు సరిపడా తెచ్చి వంటింటి అలమరలో పెట్టాను. సొరుగులో కాగితం గుర్తు రాకపోలేదు. మన ఇంట్లో తేమ ఎక్కడిదిలే అనుకున్నాను. ఎంత తెలివో నాది!

శ్రావణంలో ఓ పొద్దున్న, "ఏటన్నయ్యా ఇది, సగానికి విరుద్దామంటే టూటట్లేదు!" అంది.

"గట్టిగా విరువు" అన్నాను, పేపర్లోంచి తలెత్తకుండా.

వారం తిరక్కుండానే బోర్డు మీద రాస్తూ పిల్లల ముందే పడిపోయింది. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమన్నారు స్కూలువాళ్లు. మళ్లీ పిలవలేదు.

ఆసుపత్రి నుంచి ఆటోలో తెస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. "ఒక్క పూటా నాగా చెయ్యలేదన్నయ్యా. మరి నాదే గలతీ ఏటి?"

ఆ కాగితం సంగతి నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏదో ఓ పూట మర్చిపోయుంటావులే" అన్నాను, సిగ్గులేకుండా.

ఇప్పుడు వేరే కంపెనీ మాత్రలు తెస్తున్నాను. ఎందుకని అడగదు. వేసుకున్న ప్రతిసారీ క్యాలెండరులో టిక్కు పెట్టి, తెచ్చి నాకు చూపిస్తుంది.