నత్త మేస్త్రి ఇల్లు

మా ఏటికి తొందరన్నది తెలియదు. తిన్నగా వెళ్తే ఎవరైనా పని చెబుతారని భయమేమో, పల్లపు నేలంతా మెలికలు తిరుగుతూ, సముద్రం సంగతే మరిచినట్టు కదులుతుంది. మలుపుల దగ్గర మాత్రం మహా చురుకు. బయటి ఒడ్డును కొరుకుతుంది, ఆ మట్టినే ఎదుటి ఒడ్డున మేట వేస్తుంది.

మా వడ్రంగి మేస్త్రి ఇల్లు కొరికే వైపు ఉండేది. కర్రలో కర్ర దూర్చి, చెక్క చీలలు బిగించి కట్టుకున్న ఇల్లు. ఒక్క మేకు లేదు. ఒడ్డు గుమ్మం దాకా వచ్చినప్పుడల్లా ముందు గదిని విప్పి, పెరట్లో వంటింటి వెనక మళ్ళీ బిగించేవాడు. అలా ఇల్లు వెనక్కి నడిచింది. ఊరు ఆయనకు నత్త మేస్త్రి అని పేరు పెట్టింది. సొంత ఇళ్ళు ఏట్లో జారిపోయి అద్దెకుంటున్నవాళ్ళు ఇంకా గట్టిగా నవ్వారు.

ఆ ఏడు వంటింటి వంతు వచ్చింది.

“వచ్చినవాళ్ళందరికీ ముందు నా అంట్లగిన్నెలే దర్శనమిస్తున్నాయి,” అంది భార్య.

“ఏటిగాలి బాగా వస్తోందిగా.”

“గాలి వెనకే ఏరు కూడా వస్తోందండీ.”

విప్పడానికి మేస్త్రి సిద్ధమే. పెట్టడానికే చోటు లేదు. పెరడు అయిపోయింది. కంచె అవతల బావమరిది ఖాళీ జాగా, దాని వెనక అతని కాంక్రీటు మేడ. ఆ బావమరిది పని చేయగా ఎవరూ చూడలేదు గాని, పని గురించి అతను చెప్పనిది లేదు. మొగుడూ పెళ్ళాలిద్దరూ వెళ్ళి, వంటిల్లు పట్టేంత జాగా అడిగారు.

“జాగాదేముంది బావా. నీకు లేనిది ధైర్యం,” అన్నాడతను. “నా పునాది చూడు. ఏరొస్తే తల పగలగొట్టుకుని పోవాలి. నీ మూటాముల్లె ఇల్లు నా మేడ ముందు పెడితే నా పరువేం కాను?”

“నీ పరువు చల్లగా ఉండాలి తమ్ముడూ,” అంది అక్క.

తిరిగొస్తూ మేస్త్రి ఎదుటి ఒడ్డు చూపించాడు. “మన పెరడంతా అక్కడే ఉంది.”

“పెరడు అక్కడుంటే మనకిక్కడేం పని?” అంటూ ఆమె ముందుగా గిన్నెల అలమర దించింది.

ఆ మేట ఎవరిదో తేల్చడానికి పెద్దలు కూర్చున్నారు. వాళ్ళు వక్కలు నములుతుండగానే మేస్త్రి పలకలన్నీ పడవలో దాటించి, ఎత్తైన కర్రకాళ్ళ మీద ఇల్లు నిలబెట్టాడు. వంటిల్లు మళ్ళీ వెనక్కి వెళ్ళింది. తర్వాత ఏరు ఇంకాస్త దూరం జరిగితే, నీళ్ళకు నడవలేక చస్తున్నానని ఆమె సాధింపు మొదలైంది. అది వేరే సంగతి.

ఏరు ఖాళీ జాగాను తీరిగ్గా తినేసి మేడ దగ్గరికొచ్చింది. తల పగలగొట్టుకోలేదు. పునాది కింద మట్టి లాగేసింది. మేడ ఒక పక్కకు ఒరిగింది.

“బావా, దీన్ని విప్పడమెలా?” అని ఆ ఒడ్డు నుంచి కేక.

“చీల ఎక్కడుందో వెతుక్కోమనండి,” అంది అక్క, బియ్యం ఇంకో గుప్పెడు పోస్తూ.

మేస్త్రి పడవ తీశాడు. ఆ మేడలో విప్పడానికి వీలైనవి తలుపులు మాత్రమే. అవి ఆయన చేసినవే. వాటిని పడవలో పరిచి, వాటి మీద బావమరిదిని, అతని భార్యను కూర్చోబెట్టి తీసుకొచ్చాడు.

అక్క తలుపులు చూసింది, తమ్ముణ్ణి చూసింది.

“వీళ్ళకో గది కట్టండి. వంటింటి వెనక కాదు, ముందు. ఈసారి ఏరొస్తే మా వాడు ధైర్యం చెప్పి పంపిస్తాడు.”