నేను చంపిన మాస్టారు

యోహాను మాస్టారిని నేను చంపిన సంగతి తిరువూరులో అందరికీ తెలుసు. పోలీసులు రాలేదు, కేసు కాలేదు. చనిపోయిన మనిషి కూడా పెద్దగా పట్టించుకోలేదు. కానీ దానికి మించిన ఘోరం ఆ తర్వాత విజయవాడలో, పిచ్చి డాక్టరు గారి గదిలో జరిగింది. పిచ్చి డాక్టరని అప్పట్లో అనేవాణ్ణి లెండి. ఇప్పుడు మానసిక వైద్యురాలు అంటున్నాను, నాకు మందులు రాసేది ఆవిడే కాబట్టి. గుండె జబ్బున్నవాళ్లుంటే ఇక్కడితో ఆపేసి మంచినీళ్లు తాగి పడుకోండి. మిగతావాళ్లు రండి.

మా నాగేశ్వరరావు అన్న ఫ్లెక్సు షాపులో డిజైనింగ్ నా పని. తిరువూరు సెంటర్లలో నవ్వుతూ కనిపించే మొహాల్లో సగం నా చేతి మీదుగా వచ్చినవే. పుట్టినరోజు బాబులు, ఓణీల ఫంక్షను పిల్లలు, గెలిచిన నాయకులు, గెలవని నాయకులు, పోయిన పెద్దలు. మిగిలిపోయిన ఫ్లెక్సులన్నీ వెనక గదిలో గోడకి ఆనించి ఉండేవి. దానికి కిటికీ లేదు. ట్యూబులైటు మినుకుమన్నప్పుడల్లా ఒక పెద్దాయన కళ్లో, ఒక పెద్దావిడ నవ్వో కనపడి మాయమయ్యేది. ఆ గదిలోకి నేను చెప్పులు విడిచి వెళ్లేవాణ్ణి. భక్తి అనుకునేరు, కాదు. వాళ్లకి అలికిడి వినపడకూడదని.

ఆ షాపులో నేను కాక ఇంకొకరు ఉన్నారని నాకు చాలాకాలంగా అనుమానం. కత్తెర బల్ల మీద పెట్టి అటు తిరిగితే మాయం. సాయంత్రం దేవుడి పటం వెనక దొరికేది. టీ గ్లాసు ప్రింటరు మూత కింద తేలేది. మంచినీళ్లకని లేచి వచ్చేసరికి సిస్టమ్‌లో నేను తెరవని ఫైలు తెరిచి ఉండేది. ఒక్కోరోజు పూర్తయిన డిజైను కళ్లముందు ఉండేది, ఎప్పుడు చేశానో ఎంత తన్నుకున్నా గుర్తొచ్చేది కాదు. భయపడి కుర్చీ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉండేది. అప్పటిదాకా అందులో కూర్చున్నది నేనేనని మీకు అర్థమైపోయింది కదా? నాకు కాలేదండీ.

మా ఆవిడ సువార్తతో చెప్పాను. "షాపులో ఏదో ఉందే. నా పని అది చేస్తోంది, నా వస్తువులు దాస్తోంది."

"ఇంట్లో కూడా ఉంది. మొన్న గ్యాసు మీద పాలు పెట్టి మరిచిపోయింది" అంది సువార్త నా వంక అదోలా చూస్తూ. నాకు ఆ చూపు అర్థం కాలేదు.

పాస్టరు గారిని పిలిపించి షాపులో ప్రార్థన చేయించాను. అన్న తన వంతుగా గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టించాడు. ప్రార్థన అయ్యాక పాస్టరు గారి కళ్లజోడు కనపడలేదు. అందరం వెతికాం. చివరికి నా టిఫిను క్యారేజీలో దొరికింది. "చూశారా అయ్యగారూ, దాని పొగరు!" అన్నాను నేను వణికిపోతూ. ఆయన కళ్లజోడుకంటిన పచ్చడి తుడుచుకుని వెళ్లిపోయారు.

"దెయ్యమో భూతమో నాకు తెలీదు సామ్యేలూ" అన్నాడు అన్న. "పెళ్లికూతురి ఇంటిపేరు మార్చేశావు. హోటలు ఓపెనింగుకి కిందటి నెల తేదీ వేశావు. ఇంకొక్క తప్పు ఫ్లెక్సు బయటికి పోయిందనుకో, తాళాలిచ్చి ఇంటికెళ్లిపో."

నాకు ఇంకో పని రాదు. ఇంతకుముందు పట్టిన పనులన్నీ ఇలాగే పోయాయి. ఆ కుర్చీ కూడా పోతే సువార్త మొహం ఎలా చూడాలో తెలియక ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు.

అలాంటి రోజుల్లో వచ్చింది యోహాను మాస్టారి రిటైర్మెంటు. నాకు ఏడో తరగతి చెప్పిన మాస్టారు ఆయన. స్కూలు వాళ్లు సన్మానం ఫ్లెక్సుకి ఆర్డరిచ్చారు. ప్రాణం పెట్టి చేశాను. సూటు వేసుకున్న ఫొటో, ఎర్ర గులాబీలు, పైన బంగారు అక్షరాలు. చేశాననే గుర్తు మరి.

మర్నాడు పొద్దున్నే షాపుకి బయల్దేరాను. చలికాలం, రోడ్డు మీద మంచు దట్టంగా ఉంది. మనుషుల్లేరు. బస్సు హారన్ వినపడుతోంది గానీ బస్సు కనపడటం లేదు. సెంటరు దగ్గరికి వచ్చేసరికి మంచులోంచి ముందు రెండు కళ్లు కనపడ్డాయి. తర్వాత నవ్వు. తర్వాత సూటు. మంచు కాస్త పక్కకి జరిగింది. మాస్టారి తల చుట్టూ తెల్లటి మబ్బులు, రెండు పావురాలు, కింద వెలుగుతున్న దీపం, పైన "శ్రద్ధాంజలి".

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. నిన్ననే కదా సన్మానం ఫ్లెక్సు చేశాను, రాత్రికి రాత్రే పోయారా! కింద మూలన మా షాపు పేరుంది. నేను చెయ్యలేదు. అన్న రెడ్డిగూడెంలో అత్తగారి మామిడి తోటకి వెళ్లి ఉన్నాడు. షాపు తాళాలు నా జేబులోనే ఉన్నాయి. మరి ఎవరు చేశారు?

అదే చేసిందని తట్టగానే వెన్నులోంచి చలి పాకింది. మాస్టారు పోతారని దానికి ముందే తెలుసన్నమాట. ఆయన బతికుండగానే ఫ్లెక్సు వేసి పెట్టుకుందన్నమాట. ఇంత భయంలోనూ ఒక మాట ఒప్పుకోవాలి, డిజైను బాగుంది. నాకంటే బాగా చేసిందని కొంచెం ఈర్ష్య కూడా కలిగింది.

బోరున ఏడ్చాను. చామంతి దండ కొనుక్కొచ్చి, పక్క కొట్టు స్టూలు ఎక్కి ఫ్లెక్సుకి వేశాను. ఫొటో తీసి స్టేటస్ పెట్టాను. పాత విద్యార్థుల గ్రూపులో "మన మాస్టారు ఇక లేరు" అని రాశాను. అన్నకి ఫోన్ చేసి ఏడ్చాను. ఒక్క మాస్టారి ఇంటికి మాత్రం వెళ్లలేదు. వెళ్దామనే బయల్దేరాను గానీ, దారిలో ఎవరో విజిటింగ్ కార్డుల గురించి అడిగితే వాళ్లతో షాపుకొచ్చేశాను.

మధ్యాహ్నం అయింది. కరెంటు పోయింది. షాపులో సగం చీకటి. వెనక గదిలోంచి ఫ్లెక్సు ఒకటి జారిన చప్పుడు. అంతలో నా వెనక నుంచి చిన్నప్పుడు క్లాసులో విన్న గొంతు వినిపించింది.

"సామ్యేలూ."

నేను తిరగలేదు. తిరిగే మెడ నాకు లేదు.

"మాస్టారూ," అన్నాను గోడ వైపు చూస్తూ, "మీరు ఇటు రాకూడదండి. వెలుగు కనిపిస్తుందంట, అటు వెళ్లిపోవాలంట."

"వెలుగెక్కడుందిరా, కరెంటు పోయిందిగా" అని కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడైంది. "ఇటు తిరుగు ముందు."

తిరిగాను. అదే సూటు, అదే నవ్వు. మబ్బులు లేవంతే.

"మా ఇంటికి జనం వచ్చార్రా. మా ఆవిడ తలుపు తీస్తే కావిలించుకుని ఏడ్చారు. ఏమైందోనని నేను తడి తువ్వాలుతో బాత్‌రూములోంచి బయటికొచ్చాను. కొందరు గోడ దూకారు. సన్మానానికి కట్టిన షామియానా కింద కూర్చుని ఇంకా కొందరు వణుకుతున్నారు. దండ ఎవరేశారంటే నువ్వేనన్నారు. మంచి దండేరా."

మెల్లగా చెయ్యి చాపి ఆయన మోచేయి గిల్లాను.

"అబ్బా! పోయినవాణ్ణి గిల్లుతావేంట్రా?"

కరెంటు వచ్చింది. ఇద్దరం సిస్టమ్ ముందు కూర్చుని ఫైలు తెరిచాం. మా పని ఎలా ఉంటుందంటే, ఏ ఫ్లెక్సూ మొదటి నుంచి చెయ్యం. నిన్నటి ఫైలు తెరిచి, దాని మీదే ఈ రోజు ఫొటో పెట్టి, పేరు మార్చి, తర్వాత వెనకున్న బొమ్మ, పైనున్న మాట మారుస్తాం. అంతకు ముందు చేసింది ఎ.కొండూరు పెద్దాయన ఒకరి శ్రద్ధాంజలి. మాస్టారి ఫొటో పెట్టాను. పేరు మార్చాను. అంతలో ఫ్యాను చప్పుడు చేసింది, దాన్ని చూడబోయాను, స్టూలు కోసం వెళ్లాను, ఎవరో టీ అన్నారు. తిరిగొచ్చి ప్రింటు కొట్టి, చుట్ట చుట్టి ఇచ్చేశాను, కట్టే కుర్రాళ్లు రాత్రి చీకట్లో చూడకుండా కట్టేశారు. గులాబీలూ బంగారు అక్షరాలూ నా బుర్రలోనే ఉండిపోయాయి.

అంటే దెయ్యం లేదు. అన్నీ నేనే. ఉందన్నప్పుడు వేసిన భయం కంటే లేదని తెలిశాక ఎక్కువ భయం వేసింది. ఇన్నాళ్లూ ఆ కుర్చీలో కూర్చున్నది నేనే అయితే, నాకు తెలియకుండా నేను ఇంకేమేం చేశాను? నా చేతులు నావి కానట్టు వాటి వంక చూస్తూ ఉండిపోయాను.

సరిగ్గా అప్పుడే అన్న రెడ్డిగూడెం నుంచి దిగాడు. గుమ్మంలో అడుగు పెట్టి, కుర్చీలో మాస్టారిని చూసి, వెనక్కి ఎగిరాడు. తల గుమ్మడికాయకి తగిలి అది పగిలింది. అన్న తేరుకోవడానికి సోడా కావలసి వచ్చింది. తేరుకున్నాక నా వైపు చెయ్యి చాపాడు.

"తాళాలు."

"ఆగవయ్యా నాగేశ్వరరావూ" అన్నారు మాస్టారు. "వీడిది బద్ధకం కాదు. ఏడో తరగతిలో సుద్దముక్క తెమ్మని పంపితే సాయంత్రం గంట కొట్టాక వచ్చాడు, సుద్దముక్క లేకుండా, మేకపిల్లని ఎత్తుకుని. అప్పుడు కొట్టాను. మొన్న మా మనవణ్ణి విజయవాడలో చూపిస్తే తెలిసింది, ధ్యాస నిలవకపోవడం కూడా ఒక జబ్బేనంట. అటెన్షన్ డెఫిసిట్ అంటారు. పెద్దవాళ్లకీ ఉంటుందంట. వీణ్ణి కూడా చూపిద్దాం."

అన్న గుమ్మడి ముక్కల్ని కాలితో పక్కకి నెట్టాడు. "సరే. డాక్టరు ఏం చెప్తుందో విని రా. అప్పటిదాకా సిస్టమ్ ముట్టుకోకు. ఏమీ లేదందంటే మాత్రం ఇక రావద్దు."

జబ్బు ఉండాలి దేవుడా అని మొక్కుకుంటూ డాక్టరు దగ్గరికి వెళ్లినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. మాస్టారు నాతో బస్సెక్కారు. చిన్నప్పుడు నువ్వెలా ఉండేవాడివో చెప్పేవాళ్లు కావాలంటారని మనవడి అనుభవం మీద ఆయనే చెప్పారు. ఆసుపత్రి చాలా పెద్దది. ఆయన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్లాను.

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. "చెప్పండి, పనిలో ఇబ్బంది ఎలా మొదలైంది?"

ఇక్కడ నా అలవాటు ఒకటి చెప్పాలి. కథ చెప్తుంటే నా నోరు ముందుకు పరిగెడుతుంది, మధ్య ముక్క దారిలో పడిపోతుంది.

"మా మాస్టారి శ్రద్ధాంజలి ఫ్లెక్సుతో మేడమ్. నేనే దండ కూడా వేశాను. ఆ మధ్యాహ్నమే ఆయన షాపుకొచ్చారు."

డాక్టరమ్మ కలం ఆగింది. "ఎవరు వచ్చారు?"

"మాస్టారే మేడమ్. అదే సూటులో."

"మాట్లాడారా?"

"బోలెడు. దండ బాగుందన్నారు."

"మళ్లీ వచ్చారా?"

"రోజూ వస్తారు మేడమ్, టీకి."

"మీకొక్కరికే కనిపిస్తారా?"

"అన్నకి కూడా కనిపించారు. పాపం, తల పగిలింది."

డాక్టరమ్మ గొంతు ఇంకా మెత్తబడింది. "మీ చిన్నతనం గురించి తెలిసినవాళ్లు ఎవరైనా వచ్చారా?"

"వచ్చారు మేడమ్. మాస్టారే. బయట కూర్చున్నారు."

ఆవిడ మెల్లగా లేచి తలుపు తీసింది. నేనూ లేచి చూశాను. బెంచీ ఖాళీ. పొడుగాటి వరండా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఖాళీ.

"ఇప్పుడు కూడా కనిపిస్తున్నారా సామ్యేలు గారూ?"

జేబులోంచి బస్సు టికెట్టు తీశాను. ఒకటే టికెట్టు, ఒకరికే. దారిలో కిటికీ పక్కన కూర్చున్నది ఎవరు? మైలవరంలో నాతో టీ తాగింది ఎవరు? నేను గిల్లింది ఎవరి చేయి? సుద్దముక్క నుంచి ఫ్లెక్సు దాకా నా బుర్ర చెప్పింది ఏదీ నిజం కానప్పుడు, మాస్టారు బతికే ఉన్నారన్నది మాత్రం ఎందుకు నిజం కావాలి? ఫ్లెక్సే కరెక్టేమో. నాకు ఏడుపొచ్చింది. "మేడమ్, ఆయన నిజంగానే పోయారాండీ?" అని అడిగాను.

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసేలోపు మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఎర్రబడిన మొహంతో, రొప్పుతూ, సూటు మీద పాల మరకతో యోహాను మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఒరేయ్ సామ్యేలూ! బతికుండగా దండేస్తే ఊరుకున్నాను. తెచ్చి కాన్పుల గది ముందు కూర్చోబెట్టి పోయావేంట్రా! నర్సమ్మ వచ్చి తాతగారు మీరేగా అని బిడ్డని చేతిలో పెట్టింది. వాళ్లవాళ్లు వచ్చేదాకా జోకొట్టాను!"

లిఫ్టు ఒక అంతస్తు ముందే ఆగిందని, నేను అక్కడే ఆయన్ని కూర్చోబెట్టి మెట్లెక్కి వచ్చానని అప్పుడు తెలిసింది. టికెట్టు ఆయనది ఆయనే తీసుకున్నారు.

డాక్టరమ్మ ఆయన్ని పైనుంచి కింద దాకా చూసి, "మీరూ..." అంది.

"పోయినవాణ్ణండి" అన్నారు మాస్టారు, కూర్చుంటూ.

ఆవిడ ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు. నవ్వయ్యాక చాలాసేపు ప్రశ్నలడిగింది, ఇద్దర్నీ. ఇంకోసారి రమ్మంది. అప్పుడు తేల్చి చెప్పింది, ఆ జబ్బు నాకు ఉందని. "ఇది మీ తప్పు కాదు, బద్ధకం కాదు, మందులున్నాయి" అంది. సిగ్గులేకుండా ఏడ్చాను. నన్నెవరూ అంత మంచి మాట అనలేదు. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆ మేకపిల్ల రోజున నిన్ను కొట్టకుండా ఉండాల్సింది" అన్నారు.

అన్న నన్ను సిస్టమ్ ముందు మళ్లీ కూర్చోబెట్టాడు, ఒక షరతు మీద. మాస్టారు చదివి సరే అన్నాకే ఏ ఫ్లెక్సయినా ప్రింటుకి వెళ్లాలి. రిటైరైన మనిషి కదా, రోజూ వస్తారు. టీ తాగుతారు, తప్పులు పడతారు, వెనక గదిలో పెద్దలకి నమస్కారం పెట్టి వెళ్తారు. మొన్న టీ గ్లాసు పెట్టి ఉన్నట్టుండి అడిగారు.

"ఒరేయ్, నిజంగా పోయినప్పుడు కూడా ఆ మబ్బులే పెడతావా? పావురాలు మాత్రం వద్దురా."

లేచి నిలబడి, వెనక గదిలోని పెద్దలందరి సాక్షిగా కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాను. యోహాను మాస్టారి శ్రద్ధాంజలి ఫ్లెక్సు ఈ జన్మలో ఇంకోసారి వెయ్యను. ఆర్డరు ఎవరిచ్చినా వెయ్యను. నిజంగా అవసరం పడినా సరే, వెయ్యను.