ముగ్గుపిండి సలహా

ఈ ఉదయం నేను పెట్టిన ముగ్గు మీద నల్లటి నూనె చుక్కలు కనిపించాయి. చుక్క పడిన చోటల్లా పిండి తడిసి, మరక అంచు గీసినట్టు తెలుస్తోంది. నెల్లిమర్ల నుంచి వచ్చిన బావ తన మోటార్ సైకిల్ అక్కడే నిలిపాడు.

బావ మా మేనత్త కొడుకు. వాకిట్లోనే బండి బాగు చేయడానికి కూర్చున్నాడు. ఇంజనంతా జిడ్డు కావడంతో నూనె ఎక్కడ కారుతోందో అంతు చిక్కలేదు. మా చెల్లెలు రాజ్యం పక్కనే కూర్చుని పానాలు అందిస్తోంది. నన్ను మాత్రం అమ్మ గుమ్మం దాటనివ్వలేదు. మంచినీళ్ళ కోసం లోపలికి వచ్చిన రాజ్యం చెవిలో ఒక ఉపాయం చెప్పాను. అది వెంటనే పరుగెత్తింది.

"బావా! కిరసనాయిల్తో తుడిసీసి, ఆరాక ముగ్గుపిండి సల్లు. బండి స్టార్ట్ సేస్తే ఎక్కడ కారతాదో అక్కడే తడుస్తాది."

బావ అలాగే చేశాడు. ఇంజను పక్కమూత అతుకు వెంట నల్లటి చార తేలింది. లోపలి ప్యాకింగు చిరిగిందట. మందపాటి అట్ట కత్తిరించి కొత్తది వేసి బిగించాక చుక్క కూడా కారలేదు.

"ఒసే రాజ్యం, నీకింత బుర్రేటే! మీ అక్కకి సెప్పించిన ఆ కాన్వెంటు సదువేదో నీకే సెప్పించాల్సింది," అన్నాడు బావ.

ఉపాయం అక్కదని చెప్పకుండా అది నవ్వింది. పైగా బావ వెనక బండెక్కి వీధి చివరిదాకా షికారు వెళ్ళొచ్చింది.

సాయంత్రం జడ వెయ్యమని వస్తే తలనొప్పిగా ఉందన్నాను. మీరైతే వేసేవారా, చెప్పండి.

వచ్చే మాఘంలో బావకూ నాకూ పెళ్ళి.